ఆల్కహాల్ సున్నా సరే, చక్కెర సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మత్తు లేని బీర్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. పేపరు మా అంకీసకు మధ్యాహ్నం దాటాక గానీ రాదు. వచ్చినా దుకాణంలో గిరాకీ తగ్గితే తప్ప నా చేతికి రాదు. ఈలోపు ఎవరో ఒకరు జిల్లా పేజీ పట్టుకుపోతారు. అందుకని ఈ ఉత్తరం కాస్త ఆలస్యమైంది.

వ్యాసం రాసినాయన రెండు మాటలన్నారు. ఆల్కహాల్ లేని బీర్లన్నీ ఒకటే రుచి, బార్లీ నీళ్ళకు గ్యాసు పట్టించినట్టు ఉంటాయన్నది ఒకటి. పండ్ల రుచులు కలిపినవైతే పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ కూల్‌డ్రింకులాగా తాగొచ్చన్నది ఇంకొకటి. ఆయన నల్ల బీరు రుచి చూసినట్టు లేదు, సీసా వెనక అక్షరాలు చదివినట్టు అంతకన్నా లేదు.

నేనెవరో చెప్పాలి కదా. మాది గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా. కాగితాల మీద మహారాష్ట్ర, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు, ఠాణాలో, తహసీలు కచేరిలో మరాఠీ. కిరాణా దుకాణం నడుపుకుంటున్నాను. మా జిల్లాలో 1993 నుంచి దారూబందీ, అంటే మద్యనిషేధం. అభయ్ బంగ్, రాణీ బంగ్ డాక్టర్ దంపతులు ముందుండి నడిపిన ఉద్యమం అది. నేను మంథని వైపు నుంచి కొత్తకోడలిగా వచ్చిన రోజులు. మా అత్త నన్ను కూడా వెంటబెట్టుకుని మీటింగులకు తీసుకుపోయేది. పక్కన చంద్రపూర్ జిల్లాలో 2015లో పెట్టి 2021లో ఎత్తేశారు. మాకు మాత్రం అలాగే ఉంది. అలాగని ఇక్కడ ఎవరూ తాగరని నేను అనను. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, ఇంకొంచెం పోతే మహదేవపూర్, అక్కడ వైన్ షాపులకు కొదవ లేదు. ఇటు అడవి నిండా ఇప్పచెట్లు. ఎవరికి ఏ దారి కావాలో ఆ దారి తెలుసు. నేను మాత్రం జన్మలో మందు ముట్టలేదు. మందు ముట్టని మనిషి బీరు రుచి గురించి రాస్తోందని నవ్వుకుంటే నవ్వుకోండి. నాలుక శుభ్రంగా ఉందని కూడా అనుకోవచ్చు.

ఈ సీసాలు మా ఇంటికి రెండు దారుల్లో వచ్చాయి. మా మరిది దుబాయిలో చాలా ఏళ్ళు డ్రైవరుగా చేశాడు. అక్కడ ప్రతి బకాలాలో, అంటే కిరాణా కొట్లో, బార్బికన్ అనే ఆల్కహాల్ లేని పానీయం సీసాలుంటాయట, దానిమ్మ, స్ట్రాబెరీ, పీచ్, నిమ్మ, ఇలా రకరకాలు. ఆయనతో పనిచేసిన నైజీరియా వాళ్ళు మాల్టినా అనే నల్లటి పానీయం తాగేవారట. అది బీరు కాదు. మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. దాని రసాన్ని పులియబెట్టకుండా తీపిగా సీసాకెత్తినది. సెలవుకు వచ్చినప్పుడల్లా బట్టల మధ్య చుట్టి ఒకటో రెండో తెచ్చేవాడు. రెండోదారి ఆయన కొడుకు. పిల్లవాడు డబ్లిన్‌లో చదువుకుని అక్కడే ఉద్యోగంలో చేరాడు. ఈసారి దసరాకు వచ్చినప్పుడు పెట్టెలో సగం ఈ డబ్బాలే. ‘పెద్దమ్మా, నువ్వు భయపడేది ఇందులో ఏమీ లేదు, అక్షరాలు చదువుకో’ అని ముందు డబ్బా నా చేతికిచ్చాడు. చదివాను. గిన్నిస్ 0.0, డబ్లిన్ వాళ్ళ నల్ల బీరుకు ఆల్కహాల్ తీసేసిన రూపం.

స్టీలు గ్లాసు తెస్తే వద్దన్నాడు, గాజుదే కావాలన్నాడు. డబ్బా కదిపితే లోపల గోలీ దొర్లిన చప్పుడు. నత్రజని ఉన్న చిన్న ప్లాస్టిక్ బంతట అది. మూత తీయగానే అందులోంచి నత్రజని తన్నుకొచ్చి నురుగు కడుతుంది. 1980ల చివర నుంచీ వాళ్ళ మామూలు బీరు డబ్బాల్లో ఇలాంటి ఏర్పాటు ఉంది. గాజు గ్లాసు ఎందుకన్నాడో పోస్తున్నప్పుడు తెలిసింది. ముందు గ్లాసంతా లేత గోధుమరంగు నురుగు కమ్ముకుంది. గ్లాసు గోడల వెంబడి బుడగలు పైకి పోవడం లేదు, కిందికి దిగుతున్నాయి. చూస్తుండగానే కింద నలుపు తేరుకుంది, పైన వేలెడు మందాన వెన్నరంగు నురుగు నిలిచింది. నలుపంటే కాటుక నలుపు కాదు. గ్లాసెత్తి ట్యూబ్‌లైటుకు అడ్డంగా పెడితే అంచుల్లో ముదురు ఎరుపు కనిపించింది.

మొదటి గుక్కలో నాకు చేదు తెలియలేదు, వేపుడు వాసన తెలిసింది. తర్వాత వచ్చింది చేదు, కాఫీ గింజ కొరికినప్పటి చేదు. చివర్లో నాలుక పక్కల కొంచెం పులుపు. మింగాక నోరు ఆరిపోయింది. తీపి మాత్రం ఉందో లేదో అన్నట్టుంది. మా ఆయన కూడా రుచి చూశాడు. ఆయనకు అసలుది ఎలా ఉంటుందో తెలుసు, ఎలా తెలుసని అడగకండి. ‘వాసన వచ్చింది, చేదు వచ్చింది, నడుమల నీళ్ళ లెక్కనే ఉన్నది’ అన్నాడు. నిజమే. ఆల్కహాల్ మత్తు ఒక్కటే ఇవ్వదు, నోట్లో బరువునూ గొంతులో వెచ్చదనాన్నీ ఇస్తుంది. దాన్ని తీసేస్తే ఆ చోటు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని దేంతో నింపుతారన్నదే అసలు విషయం.

నల్లదాన్ని నింపేది వేపుడు. ఇందులో కాఫీ పడలేదు, చాక్లెట్ పడలేదు. ఉన్నవాటిలో ముఖ్యమైనవి మాల్టు, చేదునిచ్చే హాప్స్ పువ్వు, పులియబెట్టే ఈస్టు, వేయించిన బార్లీ. పిల్లవాడు చెబితే నమ్మలేదు. దుకాణంలో బార్లీ ఉంది కదా, పిడికెడు తీసి ఇనప పెనం మీద వేశాను. బంగారు రంగు తిరిగేటప్పుడు బిస్కెట్ వాసన. ఇంకాస్త ఆగితే గింజలు చిటపటమంటూ అచ్చం కాఫీ వాసన. ఆ వాసన బాగుందని ఇంకొంచెం ఉంచేసరికి పొగ, ఆ తర్వాత ఉత్త మసి. నడిమి దశలో దించిన గింజల్ని నీళ్ళలో మరిగించి వడగట్టి తాగాం. గ్యాసు లేదు, నురుగు లేదు, కానీ డబ్బాలోని చేదుకు చుట్టమని ఎవరైనా చెప్పగలరు. జపాన్‌లో, కొరియాలో దాన్నే టీలాగా తాగుతారట. ఆ నడిమి దశలో ఆపడమే పెద్ద విద్య. 1817లో ఇంగ్లండులో డేనియల్ వీలర్ అనే ఆయన తిరిగే పీపాలో మాల్టును మాడ్చకుండా నల్లగా వేయించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటినుంచి గుప్పెడు నల్ల మాల్టుతో బానెడు బీరుకు రంగూ రుచీ రావడం మొదలైంది.

ఆల్కహాల్ తీసే పద్ధతి వింటే మా వాళ్ళకు ఇప్పసారా గుర్తొచ్చింది. మా దగ్గర సారా కాచేవాళ్ళు పులిసిన ఇప్పపువ్వును కాచి, ఆవిరిని చల్లార్చి పట్టుకుని, కుండలో మిగిలింది పారబోస్తారు. వీళ్ళు ఆవిరిని వదిలించుకుని కుండలో మిగిలింది సీసాకెత్తుతారు. మామూలు మంట మీద కాస్తే రుచి చచ్చిపోతుంది కాబట్టి గాలి తీసేసిన పాత్రలో, తక్కువ వేడికే మరిగేలా చేస్తారు. గిన్నిస్ వాళ్ళది ఇంకో తరహా, వేడే తగలకుండా చల్లగా వడగడతారు. కొన్ని కంపెనీలు ఆల్కహాల్ తయారయ్యే దాకా కూడా రానివ్వకుండా పులియడాన్ని మధ్యలోనే ఆపేస్తాయి. అలా ఆపిన బీరులో పచ్చి మాల్టు రసం వాసన మిగిలిపోతుంది. పసుపుపచ్చగా, తేటగా ఉండే బీరులో ఆ వాసన దాక్కోలేదు. మీ వ్యాసకర్తకు బార్లీ నీళ్ళు తగిలింది అక్కడే అయి ఉంటుంది. నల్లదానిలో వేపుడు దాన్ని చాలావరకు కప్పేస్తుంది. అందుకే అన్నీ ఒకటే అంటే నేను ఒప్పుకోను.

ఇక రుచులు కలిపినవి. వీటిలోనూ మంచీ చెడూ ఉన్నాయి. లండన్‌లో 2016లో మొదలైన బిగ్ డ్రాప్ కంపెనీ చేసిన మిల్క్ స్టౌట్ అనే నల్ల బీరు ఒకటి తెచ్చాడు. అందులో కోకో గింజ ముక్కలు, పాలచక్కెర వేస్తారు. ఈస్టు పాలచక్కెరను తినలేదు, అందుకని ఆ తీపి, ఆ చిక్కదనం చివరిదాకా అలాగే ఉంటాయి. ఇందాక చెప్పిన ఖాళీ ఇక్కడ బాగానే నిండింది. పాలు పడనివాళ్ళు మాత్రం చూసుకోవాలి. వస్తువు వేసి చేసింది కాబట్టి నోట్లో ఒకచోట మొదలై ఇంకోచోట ముగుస్తుంది. మరో రెండు డబ్బాలు, ఒకటి కాఫీ అని, ఒకటి చెర్రీ అని రాసుకున్నవి, పేర్లెందుకు లెండి, మూత తీయగానే గదంతా ఎసెన్సు ఘాటు. కాఫీదానిలో కాఫీ ముక్కు దగ్గరే ఆగిపోయింది, గొంతులోకి పాకం దిగింది. చెర్రీదాన్ని మా మనవరాలు ఇంకా కావాలని అడిగింది. ఆ పిల్లకు నచ్చిందంటేనే నాకు అనుమానం వచ్చి డబ్బా తిప్పి చూశాను.

ఇక్కడే మీ వ్యాసం తప్పిందని నా ఫిర్యాదు. ఆల్కహాల్ సున్నా అని ముందువైపు అరచేతంత అంకె వేస్తారు. చక్కెర లెక్క వెనక చీమ తలకాయంత. అదీ 100 మి.లీ.కు ఇస్తారు, సీసాకు కాదు. కిరాణా మనిషిని, తూకాలు నా పని. 100 మి.లీ.కు 9 గ్రాములని ఉందనుకోండి. 330 మి.లీ. సీసా అయితే దాదాపు 30 గ్రాములు. చెంచా 5 గ్రాములనుకుంటే ఆరు చెంచాలు. రోజు మొత్తానికి అదనపు చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క సీసాతో అది దాటిపోయింది. కోలాలోనూ ఇంచుమించు ఇంతే, కానీ కోలా తాగేవాడికి తీపి తాగుతున్నానని తెలుసు. మందు మానేసి దీనికి మళ్ళిన షుగర్ పేషెంటు, నేను మంచిపని చేస్తున్నానని అనుకుంటూ తాగుతాడు. మా ఇంట్లోనే ఒకరున్నారు. అదే చేదుగా ఉండే నల్లదానిలో, పండ్ల రుచి కలపనిదానిలో, చక్కెర చాలా తక్కువ. రుచికీ అదే మెరుగు, ఒంటికీ అదే మెరుగు. ఇలా రెండూ కలిసొచ్చే తిండి నా దుకాణంలో ఎక్కువ లేదు.

రెండో అంకె 0.5. ఇది మీ హైదరాబాదు పాఠకులకు పెద్ద విషయం కాకపోవచ్చు, మాకు పెద్దదే. బిగ్ డ్రాప్ డబ్బా మీద 0.5 శాతం అని ఉంది. 330 మి.లీ.లో ఒకటిన్నర మి.లీ. పైచిలుకు ఆల్కహాల్. దాంతో ఎవరికీ మత్తెక్కదు. బాగా మాగిన అరటిపండులోనూ పిసరంత ఉంటుందంటారు. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల ప్రకారం 0.5 శాతం దాటితేనే అది మద్యం. కానీ మాకు వర్తించే చట్టం ఇంకొకటుంది, 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం. దానిలో లిక్కర్ అంటే ఏమిటో చెబుతూ సారాయి, వైన్, బీరు, కల్లుతో పాటు ఆల్కహాల్ ఉన్న ద్రవాలన్నీ అని రాసి ఉందని మా బంధువైన వకీలు చూపించాడు. శాతం మాటే లేదు. ఆ నిర్వచనం మీదే 1951లో బల్సారా కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. మందులకూ, ఒంటికి రాసుకునే వాటికీ ఇది వర్తించదని కోర్టు మినహాయించింది. తాగే డబ్బాకు ఆ మినహాయింపు ఎక్కడిది? కాబట్టి మా తాలూకాలో 0.0కూ 0.5కూ మధ్య తేడా చాలా ఉంది. దుకాణదారుకు ఈ తేడా తెలియకపోతే రేపు ఠాణా మెట్లెక్కాలి. మీ వ్యాసంలో రెండింటినీ ఒకే గాట కట్టి ఆల్కహాల్ లేనివి అని రాశారు.

మా బచత్ గట్ (పొదుపు సంఘం) ఆడవాళ్ళకు ఈ సంగతి తెలిసినప్పుడు గొడవే అయింది. దారూబందీ కోసం తిరిగినదానివి, నీ ఇంట్లో బీరు డబ్బాలా అని ఒకామె నిలదీసింది. తప్పులేదు, డబ్బా చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు. పేరూ అదే, బొమ్మా అదే, చివర చిన్న 0.0 తప్ప. కూర్చోబెట్టి అందరికీ చిన్న చిన్న కప్పుల్లో గిన్నిస్ పోశాను. ‘గింత చేదేంది వదినా, దీన్ని పైసలు పెట్టి కొంటరా?’ అని ఒకామె మొహం ముడుచుకుంది. ఇంకొకామె నింపాదిగా మొత్తం తాగి, పల్లీలున్నాయా అని అడిగింది. మూడో ఆమె తాగలేదు. ఆమె భర్త మందు మానేసి ఎన్నో ఏళ్ళు కాలేదు. ‘ఈ వాసన ఇంట్లకు వస్తే ఆయన మల్ల అసలుదాని దిక్కే పోతడక్కా’ అంది. ఈ మాట మీ వ్యాసంలో ఉండాల్సింది. మందు మానేసినవాళ్ళలో కొందరికి ఇదొక ఆసరా, కొందరికి ఇదే ఉచ్చు. ఎవరికి ఏది అన్నది పక్కనున్న భార్యకు తెలిసినంతగా కంపెనీకి తెలియదు.

పిల్లల సంగతికొస్తే నాది ఒకటే మాట. చెర్రీ, స్ట్రాబెరీ రుచిలో, బీరు సీసా ఆకారంలో, బీరు కంపెనీ పేరుతో వచ్చేది పదేళ్ళ పిల్లకు కూల్‌డ్రింకు కాదు. అందులో మత్తు లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ సీసా మూత తీయడం, గ్లాసులో పోసుకోవడం, చీర్స్ అనడం, ఇవన్నీ ఇప్పటినుంచే చేతికి అలవాటు చేయడం ఎందుకు? మా మనవరాలి చేతిలోంచి కప్పు తీసుకున్నందుకు ఆ పూట నాతో మాట్లాడలేదు. ఫర్వాలేదు.

రుచి చూడాలనుకునే పెద్దవాళ్ళకు రెండు మూడు సంగతులు. హైనెకెన్ 0.0, బడ్‌వైజర్ 0.0 నగరాల్లో సూపర్‌మార్కెట్లలో దొరుకుతున్నాయి, అవి పచ్చరకం. నల్లవి మన దగ్గర అరుదు, ఎవరైనా తేవాల్సిందే. దొరికితే గడ్డకట్టేంత చల్లగా తాగకండి. అంత చలికి నాలుక మొద్దుబారి, నల్లదైనా పచ్చదైనా ఒకటే అనిపిస్తుంది. 8 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంటే వేపుడు రుచి విచ్చుకుంటుందంటారు. చలిదేశాల్లో దానికి పావుగంట బయట పెడతారట, మా ఊళ్ళో వైశాఖంలో అయిదు నిమిషాలు కూడా అక్కర్లేదు. తోడుగా ప్రాణహిత చేపల పులుసు పెట్టాను, అసలు కుదరలేదు. చింతపండు పులుపూ దీని చేదూ కొట్టుకున్నాయి. సర్వపిండితో మాత్రం బ్రహ్మాండం. అడుగున మాడిన పెచ్చుకూ దీనికీ భలే పొత్తు కుదిరింది.

దుకాణదారులకు ఒక మాట. సున్నా బీరు మామూలు బీరు కన్నా తొందరగా చెడే వస్తువు. ఆల్కహాల్ కొంత కాపలా కాస్తుంది, ఇందులో ఆ కాపలా ఉండదు. గిన్నిస్ 0.0నే 2020 అక్టోబరులో విడుదల చేసి, కొన్ని డబ్బాల్లో సూక్ష్మజీవుల కలుషితం ఉందని నవంబరులో వెనక్కి పిలిపించారు, మళ్ళీ 2021లో గానీ తేలేదు. 46, 47 డిగ్రీల ఎండలో రేకుల షెడ్డు కింద నెలల తరబడి పేర్చి పెట్టి అమ్మే సరుకు కాదిది. మూత తీస్తే ఆ పూటే అవగొట్టాలి.

నా మనవి ఇది. మీ అనుబంధంలో ఇంకో అరపేజీ కేటాయించి, సీసా వెనక ఉండే పట్టికను ఎలా చదవాలో తెలుగులో బొమ్మ వేసి చూపించండి. ఆల్కహాల్ శాతం ఎక్కడుంటుంది, చక్కెర ఎక్కడుంటుంది, 100 మి.లీ. లెక్కను సీసా లెక్కగా ఎలా మార్చుకోవాలి, ఈ మూడూ చాలు. అది అచ్చయిన రోజు కత్తిరించి మా గల్లాపెట్టె పైన అతికిస్తాను. మరాఠీలో కూడా రాయించి పక్కన పెడతాను, ఠాణా వాళ్ళకూ పనికొస్తుంది. అప్పటిదాకా నా ఫ్రిజ్‌లో లస్సీ, సోడా, మంచినీళ్ళే.

ఇట్లు,
ఒక కిరాణా దుకాణదారు,
అంకీస, సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర